ఉత్సాహం వేరు, ఉద్వేగం వేరు

ఇటీవల దేవాలయ ప్రాంగణంలో ప్రతిదినం చెవిన పడే పదం ఒకటి ఉంది. అది ‘ఎక్సైట్‌మెంట్’. తెర తొలగి స్వామి దర్శనమయ్యే క్షణానికై నిరీక్షించే గృహిణి నోట అదే మాట. కల్యాణోత్సవానికి టికెట్టు లభించిన యువకుని నోట అదే మాట. తొలిసారిగా కాశీయాత్రకు బయలుదేరుతూ ఆశీర్వచనానికి వచ్చిన వృద్ధదంపతుల నోటా అదే మాట. రథం కదలగానే కేరింతలు కొట్టే బాలునిదీ ‘ఎక్సైట్‌మెంటే’; మరునాటి ఇంటర్వ్యూను తలచుకొని నిద్రపట్టక అర్చన చేయించుకోవడానికి వచ్చినవానిదీ ‘ఎక్సైట్‌మెంటే’.

ఈ వ్యాసం ఆంగ్లపదంపై ద్వేషంతో వ్రాస్తున్నది కాదు. టికెట్టు, క్యూ, మైకు అనే మాటలు అర్చకులమైన మేమూ నిస్సంకోచంగానే వాడుతున్నాము. వాటివల్ల ఏ అర్థమూ నశించలేదు. కాని ఏడెనిమిది పదాలు మోయవలసిన బరువును ఒకే పదం నెత్తిన పెట్టినప్పుడు, ఆ పదాలు కాపాడుతూ వచ్చిన భేదాలు లుప్తమవుతాయి. పేరు లేని భేదం కొంతకాలానికి బుద్ధికి గోచరించడం కూడా మానుకొంటుంది. వైద్యుని వద్దకు వెళ్ళి ‘నొప్పి’ అని మాత్రమే చెబితే ఆయన ఊరుకోడు. పోటా, సలుపా, మంటా, తీపా అని అడుగుతాడు. ఆ భేదం తెలియనిదే ఔషధం నిర్ణయం కాదు. సాధకునికి తన చిత్తమే సాధనం. దానిలో లేచిన తరంగం ఏదో గుర్తించలేనివాడు, ఆదరించవలసినదానిని అణచివేస్తాడు. అణచవలసినదానిని భక్తి అనుకొని పోషిస్తాడు. ఈ ప్రమాదం కేవలం భాషకు సంబంధించినది కాదని వివరించడమే ఈ చిన్న ప్రయత్నం.

పదాల లోపలికి తొంగిచూస్తే

మొదట ‘ఉత్సాహం’. ‘ఉత్’ అనే ఉపసర్గ పైన ‘సహ్’ అనే ధాతువు చేరి ఏర్పడిన పదం ఇది. ఆ ధాతువుకు ఓర్చుకొనుట అని అర్థం. ‘సహనం’, ‘సహిష్ణుత’ అనే మాటలు దాని సంతానమే. అంటే మన పూర్వులు ఉత్సాహం అన్నప్పుడు ఎగిరి గంతులు వేయడాన్ని ఉద్దేశించలేదు. బరువును ఓర్చుకొని పైకి లేవగల శక్తిని ఉద్దేశించారు. భరతముని నాట్యశాస్త్రంలో ఎనిమిది స్థాయీభావాలను చెబుతూ వీరరసానికి ఉత్సాహాన్ని స్థాయిగా నిర్దేశించాడు. ‘స్థాయి’ అంటేనే నిలిచి ఉండేది. అర్థశాస్త్రం రాజుకు కావలసిన మూడు శక్తులను పేర్కొంటూ మంత్రశక్తి, ప్రభుశక్తులతో పాటు ఉత్సాహశక్తిని లెక్కించింది. క్షణంలో వచ్చి క్షణంలో పోయే దానిని ఏ రాజనీతివేత్తా శక్తిగా గణించడు కదా.

తెలుగు ఛందస్సులో సైతం ‘ఉత్సాహ’ అనే జాతిపద్యం ఉన్నది. ప్రతి పాదంలోనూ వరుసగా ఏడు సూర్యగణాలు, చివర ఒక గురువు. మూడేసి మాత్రల అడుగులతో పరుగువంటి నడక. కాని ఏడు అడుగుల తరువాత గురువు వద్ద తప్పక నిలవాలి. పరుగూ ఉన్నది, పగ్గమూ ఉన్నది. ఆ పద్యానికి ఆ పేరు ఎంత చక్కగా అమరిందో చదివి చూచినవారికి తెలుస్తుంది.

రెండవది ‘ఉత్తేజం’. ఇక్కడి ధాతువు ‘తిజ్’. పదును పెట్టుట దాని అర్థం. తేజస్సు అనే పదం దీనినుండే వచ్చింది. ఆశ్చర్యకరమైన సంగతి ఏమంటే, వేదాంతులు సాధనచతుష్టయంలో చెప్పే ‘తితిక్ష’, అంటే శీతోష్ణ సుఖదుఃఖాలను ఓర్చుకొనే గుణం, అదీ ఈ ధాతువునుండే నిష్పన్నమైనది. ఉత్సాహంలోనూ ఓర్పు దాగి ఉంది, ఉత్తేజానికీ ఓర్పు తోబుట్టువు. మంచి అర్థంలో చిత్తం పైకి లేవడాన్ని చెప్పే రెండు పదాల మూలంలోనూ సహనమే కనిపించడం యాదృచ్ఛికమని మాకు తోచదు.

ఇక ‘ఉద్వేగం’. చాలామంది దీనిని ‘వేగం’తో ముడిపెడతారు గాని, దీని ధాతువు ‘విజ్’. భయపడుట, చలించుట అని అర్థం. గాలి తగిలిన ఆకువలె చిత్తం అదరడమే ఉద్వేగం. గీతాచార్యుడు ద్వితీయాధ్యాయంలో స్థితప్రజ్ఞుని మనస్సు దుఃఖాలలో ఉద్విగ్నం కాదన్నాడు. ద్వాదశాధ్యాయంలో తనకు ప్రియుడైన భక్తుని లక్షణాలు చెబుతూ, హర్షము, అమర్షము, భయము, ఉద్వేగము అనే నాలుగింటినుండి విడివడినవాడు అని వర్ణించాడు. సప్తదశాధ్యాయంలో ఇతరులకు ఉద్వేగం కలిగించని మాటను వాచిక తపస్సుగా చెప్పాడు. భగవానుడు ఇన్ని తావులలో వారించిన దానిని నేడు భావోద్వేగం అనే పేరుతో ప్రశంసగా వాడుతున్నాము!

‘ఉద్రేకం’ ‘రిచ్’ ధాతువునుండి వచ్చింది. ఖాళీ చేయుట దాని మూలార్థం. ‘విరేచనం’ కూడా ఈ ధాతువు బిడ్డే! ‘అతిరేకం’ వలెనే ఉద్రేకానికీ హద్దు మీరి పొంగడం అని అర్థం. పొంగేది సత్త్వమైతే మేలే. ఆలంకారికులు రసానుభవాన్ని వివరిస్తూ సత్త్వోద్రేకం అన్నారు. పొంగేది రజస్సయితే కుండలో పాలు పొయ్యి పాలవుతాయి. ‘ఆవేశం’ అంటే లోపలికి ప్రవేశించడం. మన గ్రామాలలో పూనకం అనే మాట దీనికి సరిగ్గా సరిపోతుంది. మనిషి తన వశంలో తాను ఉండడు. ప్రవేశించినది దైవమా, కోపమా అన్నదానిపై ఫలం ఆధారపడి ఉంటుంది. ‘ఉత్కంఠ’ అంటే మెడ పైకెత్తి ఎదురుచూడడం. ప్రియమైనది ఇంకా రాలేదన్న తపన అందులో ఉంటుంది. ‘సంభ్రమం’ అంటే పూజ్యులు ఇంటికి వచ్చినప్పుడు ఆసనం ఎక్కడ, అర్ఘ్యం ఎక్కడ అని కలిగే తొట్రుపాటు. మన ‘సంబరం’ అనే ముచ్చటైన మాట దీని వికృతియే.

ఎదురుచూపు, తొట్రుపాటు, పొంగు, వణుకు, పూనకం, పదును, ఓర్పుగల పూనిక. ఇన్నింటినీ ఒకే సంచిలో వేసి మూతి కట్టినదే నేటి ‘ఎక్సైట్‌మెంట్’.

శరీరచిహ్నాన్ని నమ్మవచ్చునా?

‘ఆ స్తోత్రం వింటుంటే గూస్‌బంప్స్ వచ్చాయి’ అని భక్తులు చెప్పుకొంటూ ఉంటారు. మన శాస్త్రంలో దానికి రోమాంచమని పేరు. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, కంపము, వైవర్ణ్యము, అశ్రువు, ప్రలయము అనే అష్టసాత్త్విక భావాలలో అది ఒకటి. గౌరవించదగినదే. అయితే రోమాంచం కలిగినంత మాత్రాన అది భక్తియేనా?

భగవద్గీతనే పరిశీలించండి. ప్రథమాధ్యాయంలో బంధువులను ఎదుట చూచిన అర్జునుని శరీరం వణికింది, రోమాలు నిక్కబొడుచుకొన్నాయి, గాండీవం చేజారింది. అది విషాదం. ఏకాదశాధ్యాయంలో విశ్వరూపాన్ని చూచిన అదే అర్జునునికి మరల రోమాంచం కలిగింది. అది విస్మయం, ఆ వెంటనే అతడు శిరస్సు వంచి చేతులు జోడించాడు. అష్టాదశాధ్యాయాంతంలో సంజయుడు ఆ సంవాదం రోమహర్షణమని, దానిని స్మరించినకొలదీ మరల మరల హర్షిస్తున్నానని ధృతరాష్ట్రునితో చెప్పాడు. అది భక్తి. చిహ్నం ఒక్కటే, హేతువులు మూడు. కనుక రోమాలు నిక్కబొడుచుకోవడం దేనినీ నిర్ణయించదు. అది దేనినుండి లేచింది, తరువాత మనలను దేనివైపు నడిపింది అనేదే నిర్ణయిస్తుంది. మొదటి రోమాంచం అర్జునుని స్వధర్మంనుండి వెనుకకు లాగింది. రెండవది శరణాగతికి వంచింది. మూడవది సంజయునికి తరగని నిధి అయింది.

హనుమంతుడు నేర్పిన భేదం

ఈ విషయంలో సుందరకాండను మించిన పాఠం లేదు. లంకలో రావణుని అంతఃపురంలో వెదకుతున్న హనుమ, ప్రత్యేక శయ్యపై సర్వాభరణభూషితయై నిద్రిస్తున్న మండోదరిని చూచి, ఈమెయే సీత అనుకొన్నాడు. ఆ క్షణంలో ఆ మహాబుద్ధిశాలి ఏమి చేశాడో వాల్మీకి దాచలేదు. భుజాలు చరచుకొన్నాడు, తోకను ముద్దాడాడు, పాడాడు, స్తంభాలు ఎక్కి దూకాడు. తన వానరస్వభావాన్ని చూపాడని మహర్షియే చెప్పాడు. నేటి భాషలో ఇంతకన్న మించిన ‘ఎక్సైట్‌మెంట్’ ఉండదు. కాని అది భ్రమపై లేచిన హర్షం.

మరుక్షణమే హనుమ ఆగి ఆలోచించాడు. రామునికి దూరమైన సీత ఇలా అలంకరించుకొంటుందా? ఇలా నిద్రిస్తుందా? మధుపానం చేస్తుందా? కానేరదు, ఈమె వేరొకతె అని నిశ్చయించి వెదకులాట కొనసాగించాడు. ఎంత వెదకినా సీత కనబడనప్పుడు నిరాశ ఆవరించింది. అప్పుడు ఆయనను నిలిపినది ఆ గంతులు వేయించిన హర్షం కాదు. నిర్వేదం చెందకపోవడమే సంపదకు మూలమని తనకు తాను చెప్పుకొని మరల లేచిన పూనిక. అదే ఉత్సాహం. సహించి లేవడం అనే దాని ధాత్వర్థానికి ఇది సాక్షాత్తు వ్యాఖ్యానం.

ఇక శింశుపా వృక్షంపైనుండి నిజమైన సీతను చూచినప్పుడు? మాసిన ఏకవస్త్రంతో, ఉపవాసకృశయై ఉన్న ఆ తల్లిని ఆనవాళ్ళతో పోల్చి గుర్తించాడు. అప్పుడు గంతులు లేవు, పాటలు లేవు. ఆనందబాష్పాలు రాలాయి. రామలక్ష్మణులకు మనసా నమస్కరించి ఆకుల మాటున ఒదిగి కూర్చున్నాడు. అసత్యాన్ని చూచి ఎగిరినవాడు సత్యాన్ని చూచి నిశ్శబ్దుడయ్యాడు. ఈ రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెట్టుకొని పారాయణ చేస్తే, ఉద్వేగానికీ అనుభవానికీ గల భేదం వేరొకరు బోధించనక్కరలేదు.

అయితే రామాయణం సంబరాన్ని నిషేధించిందా? లేదు. కార్యం ముగించి తిరిగివస్తూ వానరులందరూ అంగదుని అనుమతితో మధువనంలో తేనె త్రాగి చిందులు వేశారు. కాపలాదారైన దధిముఖుడు సుగ్రీవునికి ఫిర్యాదు చేస్తే, ఆయన కోపించలేదు; సీత జాడ తెలియకపోతే వీరింత సాహసం చేయరని గ్రహించి ఆనందించాడు. కార్యసిద్ధి తరువాత వచ్చిన సంబరం అది. మధువనం మార్గాంతంలో ఉన్నది, మార్గారంభంలో లేదు.

ఆనందం ఎక్కడ మొదలవుతుంది?

తైత్తిరీయోపనిషత్తు ఆనందమయ కోశాన్ని పక్షిరూపంగా వర్ణించింది. ప్రియం శిరస్సు, మోదం కుడిరెక్క, ప్రమోదం ఎడమరెక్క, ఆనందం ఆత్మ, బ్రహ్మమే దానికి ఆధారమైన పుచ్ఛం. ఇష్టమైనది కంటబడినప్పుడు కలిగేది ప్రియం, అది చేజిక్కినప్పుడు కలిగే హర్షం మోదం, అదే ప్రకర్ష చెందితే ప్రమోదం అని ఆచార్యులు వివరించారు. మనం ‘ఎక్సైట్‌మెంట్’ అంటున్నది ఎక్కువగా ఈ ప్రియ మోదాల దగ్గరిది. వస్తువు కంటబడాలి, చేతికి రావాలి. వస్తువు పాతబడితే అదీ పాతబడుతుంది. రెక్కలు ఆడుతూ ఉంటాయి, ఆగుతూ ఉంటాయి. పక్షిని నిలబెట్టేది వేరొకటి.

భౌతికశాస్త్రం చదివిన పిల్లలకు ఇది సులభంగా బోధపడుతుంది. పరమాణువులోని ఎలక్ట్రాను శక్తిని గ్రహించి పైస్థాయికి చేరితే దానిని ఉత్తేజిత స్థితి అంటారు. సాధారణంగా అది ఆ స్థితిలో అత్యల్పకాలమే ఉండి, గ్రహించిన శక్తిని కాంతిగా వదలి మరల తన భూస్థాయికి చేరుతుంది. అలా దిగిరావడం దోషం కాదు, దాని స్వభావం. చిత్తానికీ అంతే. ఎల్లప్పుడూ పైస్థాయిలో ఉండాలని కోరడమే అస్వాభావికం.

ఇక్కడ వివేకులకు ఒక సందేహం కలుగవచ్చు. గీత అష్టాదశాధ్యాయంలో సాత్త్విక కర్తకు ధృతి, ఉత్సాహం రెండూ ఉండాలని, ఫలం సిద్ధించినా సిద్ధించకపోయినా అతడు వికారం చెందడని చెప్పబడింది. నారద భక్తిసూత్రాలలో మాత్రం భక్తిని పొందినవాడు దేనినీ వాంఛించడు, శోకించడు, ద్వేషించడు, రమించడు, ఉత్సాహవంతుడు కూడా కాడు అని ఉన్నది. ఒకచోట ఉత్సాహం ఉండాలని, ఒకచోట ఉండదని. ఇది విరోధమా?

కాదు. గీత చెప్పినది కర్మ చేస్తున్నవాని గురించి. నారదులు చెప్పినది పొందవలసినదానిని పొందినవాని గురించి. అతనికి ఇతర విషయాలవైపు పూనిక ఉండదని భావం. నదిని ఈదుతున్నవానికి చేతులు ఆడించే పూనిక కావాలి, ఒడ్డు చేరినవానికి అక్కరలేదు. ఇంకొక సూక్ష్మం గమనించండి. గీత ఉత్సాహాన్ని ఒంటరిగా చెప్పలేదు, ధృతితో జోడించి చెప్పింది. ఆ వెనువెంటనే రాజస కర్తను వర్ణిస్తూ, అతడు హర్షశోకాలతో కూడినవాడు అన్నది. హర్షాన్ని శోకంతో జోడించింది. ఉత్సాహానికి జోడు ధైర్యం. హర్షానికి జోడు దుఃఖం. మీకు కలిగినది ఏదో తెలియకపోతే, దాని వెనుక ఏది వస్తున్నదో చూడండి. పూజ ముగిసిన తరువాత కర్తవ్యానికి బలం మిగిలితే అది ఉత్సాహం; వెలితి, విసుగు మిగిలితే అది కేవల హర్షం.

‘ఇప్పుడేమీ అనిపించడం లేదు’

అర్చకులను భక్తులు అడిగే ప్రశ్నలలో అన్నిటికన్న వేదనతో కూడినది ఇది: ‘స్వామీ, మొదట్లో జపం చేస్తే ఎంతో ఎక్సైట్‌మెంట్ ఉండేది. కన్నీళ్ళు వచ్చేవి. ఇప్పుడేమీ అనిపించడం లేదు. నాలో భక్తి తగ్గిపోయిందా? దేవుడు నన్ను వదిలేశాడా?’ ఇలా అడిగినవారిలో కొందరు జపం మానివేస్తారు. కొందరు మంత్రం మారుస్తారు, గురువును మారుస్తారు, క్షేత్రం తరువాత క్షేత్రం తిరుగుతారు. మొదటి రోజుల అనుభూతి మరల దొరుకుతుందేమోనని వెదకులాట. ఇది చిన్న విషయం కాదు. ఒక పదాన్ని తప్పుగా అర్థం చేసుకొన్నందువల్ల ఒక జీవుడు తన సాధనను నడిమధ్యలో విడిచిపెడుతున్నాడు.

పతంజలి మహర్షి చిత్తవిక్షేపానికి తోడుగా వచ్చేవాటిని లెక్కిస్తూ దుఃఖం, మనస్సు చెడిపోవడం, అవయవాలు కంపించడం, ఉచ్ఛ్వాసనిశ్వాసలు చెదరడం అన్నాడు. అంటే వణుకు, ఎగశ్వాస ఎల్లప్పుడూ పురోగతికి గుర్తులు కావు. అభ్యాసం దృఢభూమి కావడానికి ఆయన చెప్పినవి మూడే: దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో. నూతనత్వం వాటిలో లేదు.

క్రొత్తలో కలిగిన ఆ పొంగు అబద్ధమని మేము చెప్పడం లేదు. విత్తనం మొలకెత్తేటప్పుడు నేల పగులుతుంది. ఆ తరువాత చెట్టు పెరుగుతున్నన్నాళ్ళూ నేల పగులుతూ ఉండదు. పెరుగుదల ఆగిందని ఎవరూ అనుకోరు. సంజయుని హర్షం ఏ నూతన వస్తువువల్లా కలుగలేదు. విన్నదానినే స్మరించి స్మరించి కలిగింది. క్రొత్తదనంవల్ల కలిగినది వాడితే తరుగుతుంది, స్మరణవల్ల కలిగినది వాడినకొలదీ పెరుగుతుంది. అందుచేత జపంలో ‘ఏమీ అనిపించని’ దినాలే నిజమైన ఉత్సాహానికి పరీక్షా దినాలు. ఏమీ అనిపించకపోయినా నియత సంఖ్య పూర్తిచేసి లేచినవాడు ఆనాడు సహించి పైకి లేచాడు. ఉత్సాహం అనే పదానికి ఆనాడు అతడే అర్థం.

ఉత్సవంలో ఉత్సాహం

అమరకోశం పండుగకు ఐదు పేర్లు చెప్పింది: క్షణము, ఉద్ధర్షము, మహము, ఉద్ధవము, ఉత్సవము. వీటిలో ‘ఉద్ధర్షం’ అంటే ఉన్నతమైన హర్షం. కనుక పండుగలో ఆనందం పొంగకూడదని శాస్త్రం అనలేదు. ఇక ఉద్ధవుడు! పండుగ అనే అర్థం గల పేరు శ్రీకృష్ణుని సఖులలో అత్యంత శాంతుడు, బుద్ధిమంతుడైనవానిది. భాగవత ఏకాదశస్కంధంలో స్వామి తన అంతిమోపదేశాన్ని వినిపించింది ఆయనకే. పండుగకూ ప్రశాంతికీ వైరం లేదనడానికి ఆ పేరే సాక్షి.

ఆగమికులు ‘సవ’ శబ్దానికి దుఃఖమని అర్థం చెప్పి, దుఃఖాన్ని తొలగించేది గనుక ఉత్సవం అని నిర్వచించారు. బ్రహ్మోత్సవం జరిగే క్రమం చూడండి. మొట్టమొదట అంకురార్పణం. రాత్రివేళ మట్టి నింపిన పాలికలలో నవధాన్యాలను చల్లి, మౌనంగా మొలకలకై ఎదురుచూడడంతో ఉత్సవం మొదలవుతుంది. అర్చకుడు దీక్షాకంకణం ధరిస్తాడు, నియమానికి కట్టుబడతాడు. ధ్వజారోహణంతో ఎత్తిన ధ్వజాన్ని చివరినాడు ధ్వజావరోహణంతో దించుతారు. ఆనందానికి ఆరంభం, హద్దు, ముగింపు అన్నీ విధించబడ్డాయి. ముగిశాక నిత్యార్చన యథాతథంగా సాగుతుంది. నిత్యం లేని ఆలయంలో ఉత్సవం ఉండదు. ఉత్సవం నిత్యానికి అలంకారం, దానికి బదులు కాదు.

నేడు ఈ క్రమం తలక్రిందులవుతున్నది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శన టోకెన్ల పంపిణీ సందర్భంగా జరిగిన తొక్కిసలాటలో 6 మంది భక్తులు ప్రాణాలు కోల్పోయారు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలినాడు రాజమహేంద్రవరంలో 20 మందికి పైగా మరణించారు. మృతి చెందినవారిని తప్పుపట్టడం మహాపాపం. వారు భక్తితో వచ్చినవారు. ఏర్పాట్లలోని లోపాలకు బాధ్యత వహించవలసినవారు వేరే ఉన్నారు. అయినా మిగిలిన మనమందరం మనలను మనం ప్రశ్నించుకోక తప్పదు. తిరుమలలో వైకుంఠద్వారాన్ని 2020 నుండి 10 దినాలు తెరచి ఉంచుతున్నారు. పుష్కరాలు 12 దినాలు. తొలినాటి స్వామి, పదవనాటి స్వామి వేరువేరా? తొలినాటి గోదావరి, పన్నెండవనాటి గోదావరి వేరువేరా? ఫలానా ముహూర్తం తప్పితే సర్వం పోయినట్లే అని భయపెట్టి ప్రచారం చేసినవారు ఉత్సాహాన్ని పెంచలేదు, ఉద్వేగాన్ని పెంచారు. ఉద్వేగానికి మూలధాతువు భయమూ చలనమూ అని ముందే చెప్పుకొన్నాము. భయం, చలనం వేలమందిలో ఒక్కసారి కలిస్తే ఏమవుతుందో మనం చూశాము.

మేము మా వృత్తిలోనివారికి కూడా ఒక మనవి చేయదలచాము. మైకు చేతికి వచ్చినప్పుడు ‘త్వరపడండి, ఇటువంటి అవకాశం మరల రాదు’ అనే మాటలు మన నోట రాకూడదు. ఉద్వేగం కలిగించని వాక్కు తపస్సు అని గీత చెప్పినది మొదట మనకే వర్తిస్తుంది.

‘భక్తి అంటే ఎండిపోవడమా?’

ఇంత చెబితే, మరి కన్నీరు కార్చిన భక్తులు, నర్తించిన భక్తులు, అరచి పిలిచిన భక్తులు తప్పు చేశారా అని ఎవరైనా అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్న. చెరసాలలో రామదాసు రాముని నిలదీసి నిష్ఠూరాలాడిన కీర్తనలు మన ఇళ్ళలో నేటికీ పాడుతున్నాము. నారదులు కూడా భక్తులు కంఠం గద్గదమై, రోమాంచంతో, అశ్రువులతో పరస్పరం భగవత్కథలు చెప్పుకొంటారని వర్ణించారు. అయితే ఒక్క భేదం. వారు అశ్రువుల కోసం భగవంతుని పిలువలేదు. భగవంతుని పిలిస్తే అశ్రువులు వచ్చాయి. అనుభూతిని లక్ష్యంగా పెట్టుకొన్నవానికి దేవుడు సాధనమాత్రుడవుతాడు. అనుభూతి కలిగించకపోతే ఆ దేవుని మారుస్తాడు. దేవుని లక్ష్యంగా పెట్టుకొన్నవానికి అనుభూతి వచ్చినా ప్రసాదమే, రాకపోయినా ప్రసాదమే. చెరసాలలో ఏండ్ల తరబడి ఉండి కూడా రామునే పిలిచిన పట్టుదల రామదాసు ఉత్సాహం. ఆ నిష్ఠూరం దానిపై లేచిన అల.

చివరగా ఒక చిన్న ఆచరణీయమైన సూచన. ఇకమీదట ‘ఎక్సైటింగ్‌గా ఉంది’ అనే మాట నోటి వరకు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, లోపల ఉన్నది ఏదో దాని పేరుతో పిలిచి చూడండి. స్వామి ఇంకా కనబడలేదన్న ఎదురుచూపైతే ‘ఉత్కంఠగా ఉంది’ అనండి. ఇంటికి పెద్దలు వస్తున్నారన్న తొందరైతే ‘సంబరంగా ఉంది’ అనండి. మంచిమాట విని బుద్ధి పదునెక్కితే ‘ఉత్తేజం కలిగింది’ అనండి. లోపల వణుకు, భయం ఉంటే సిగ్గుపడక ‘ఉద్వేగంగా ఉంది’ అని ఒప్పుకొని కాసేపు కూర్చోండి. శ్వాస కుదుటపడిన తరువాతనే వరుసలో నిలబడండి. ఏ విశేషమూ లేని మామూలు ప్రాతఃకాలాన దీపం వెలిగించడానికి లేవగలిగినప్పుడు మాత్రం, ‘ఈ దినం ఉత్సాహంగా ఉన్నాను’ అని నిండుమనసుతో చెప్పుకోండి.

పిల్లలకు కూడా ఈ పదాలను నేర్పండి. వారు ఏ భాషలో చదువుకొన్నా, ఏ దేశంలో స్థిరపడినా, తమ చిత్తంలో లేచే అలలకు పేర్లు తెలిసి ఉంటే ఆ అలలలో కొట్టుకొనిపోరు. అంజనీపుత్రుడు అందరికీ ధృతితో కూడిన ఉత్సాహాన్ని అనుగ్రహించుగాక. స్వస్తి.